చురుకువారి విమానం, చిలక ముట్టని జామపండు

లోకంలోని తెలివినంతా దేవుడు మూడు బుట్టలకెత్తి, ఒక బుట్ట మనుషులందరికీ పంచి, మిగతా రెండూ తమ ఇంటి అరుగు మీద దింపి వెళ్ళిపోయాడని చిలకల్లంకలో చురుకువారి నమ్మకం. ఊళ్ళో ఎవరూ కాదనేవారు కారు. కాదంటే చురుకువారు రుజువులు చెప్పడం మొదలుపెడతారు. అవి వింటూ కూచుంటే ఇంటి దగ్గర పొయ్యి మీద అన్నం మాడిపోతుంది.

చురుకువారంటే నలుగురు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు నూకరాజు, చిన్నవాడు పోలరాజు, ఈ ముగ్గురినీ పెంచిన మేనత్త అప్పయ్యమ్మ. గోదారి పాయ ఒడ్డున వీళ్ళకో వడ్రంగి షెడ్డు, షెడ్డు వెనక ఇల్లు, ఇంటి వెనక జామతోట. షెడ్డు మీద "ఇచట పని తెలివిగా చేయబడును" అని బోర్డు. మంచం చేయమంటే ఐదు కాళ్ళు పెట్టేవారు, ఒకటి విరిగినా నాలుగుంటాయని. ఐదో కాలు మంచం నడిమధ్యన పైకి పొడుచుకొచ్చేది. పడుకున్నవాడి నడుముకి అది గుచ్చుకుంటున్నంత సేపూ మంచం బాగున్నట్టేనని గవర్రాజు ధైర్యం చెప్పేవాడు.

అంత తెలివిగల ఇంట్లో నూకరాజు ఒక్కడికే దిగులు. వాడి పెళ్ళాం గంగాభవాని పుట్టింటికి పోయి కూచుంది. కారణం జామపండు.

చిలక కొట్టిన జామపండు తియ్యగా ఉంటుందని లోకం అంటుంది. లోకానికేం, మూడేళ్ళు వరసపెట్టి అదే తినమనండి, తెలుస్తుంది. కాపురానికొచ్చిన దగ్గర్నించీ భవానికి ఆ తోటలో చిలక ఎంగిలి తప్ప మంచి పండు దొరకలేదు. కాయ పండే వేళకి చిలకలు దండులా దిగేవి. నూకరాజు డబ్బా కొడుతూ తోటంతా తిరిగేవాడు. "చిలకలు రాగానే డబ్బా కొట్టు" అని అత్త చెప్పింది కదా, అవి రాగానే కొట్టేవాడు. వచ్చాక మానేసేవాడు. వచ్చి తింటున్నప్పుడు కొట్టమని ఎవరూ చెప్పలేదు మరి.

ఓ రోజు భవాని, చిలక సగం తిన్న జామకాయ తెచ్చి మొగుడి ఒళ్ళో పడేసింది.

"ఏవండీ, నేను మిమ్మల్ని చేసుకున్నానా, మీ చిలకల్నా? చిలక ముట్టని పండు ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో పెట్టేదాకా మీ గడప తొక్కను!"

అంతే. పెట్టె పట్టుకుని రేవుకి పోయింది. ఆ రోజు నుంచీ నూకరాజుకి అన్నం సయించలేదు. ఆవిడ కూచునే పీట చూస్తే ఏడుపొచ్చేది. అంచేత ఆ పీట మీద తనే కూచునేవాడు, కనపడకుండా ఉంటుందని.

ఇలా ఉండగా రేవులో పడవవాడు ఓ కబురు తెచ్చాడు. పట్నంలో నరసింగరావు మాస్టారని ఒకాయన ఉన్నాడట. చేతిలో ఓ పెట్టె పట్టుకుని బొమ్మ విమానాన్ని ఆకాశంలో ఆడిస్తాడట. అది లేచిందంటే మైదానంలో కాకి అన్నది వాలదట.

"కాకి వాలకపోతే చిలక వాలుతుందా?" అంది అప్పయ్యమ్మ. "కాకే పెద్దది కదరా."

ఇంకేముంది! నలుగురూ పడవెక్కి పట్నం పోయి మాస్టారి వరండాలో బారుగా నిలబడ్డారు. నూకరాజు తన గోడు చెప్పుకున్నాడు. చెబుతూ చెబుతూ మాస్టారి భుజం మీద తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు పాపం జాలిగుండె మనిషి. ఆయన చేసిన తప్పు అదొక్కటే. తన పాత విమానం సామానంతా తీసి ఇచ్చాడు. రెక్కలకీ ఒంటికీ కోసిపెట్టిన థర్మోకోల్ ముక్కలు, ముక్కు దగ్గర తిరిగే పంకా, దానికో మోటారు, ఓ బ్యాటరీ, తోకను ఊపడానికి బొటనవేలంత ఇంకో మోటారు, చేత్తో పట్టుకుని నడిపే పెట్టె.

"ఎలా కట్టాలో చెబుతాను, రాసుకోండి," అన్నాడాయన.

గవర్రాజు నవ్వాడు. "రాసుకోడం మరిచిపోయేవాళ్ళ పనండి. మేం తలలో పెట్టుకుంటాం. ఆయ్."

తలలో పెట్టుకోడానికి చురుకువారికి ఒక పద్ధతుంది. ఒక తలలో ఒక్క మాటే పెట్టాలి. రెండు పెడితే ఒకదాన్నొకటి ఒరుసుకుని అరిగిపోతాయి. ఎవరి మాట వాళ్ళదే, ఒకరి మాట ఇంకొకరు ముట్టుకోకూడదు. అప్పయ్యమ్మ పెట్టిన కట్టుబాటు అది. ఆ ఇంట్లో ఉప్పు వెయ్యాలన్న సంగతి గవర్రాజుకీ, ఎంత వెయ్యాలన్న సంగతి పోలరాజుకీ తెలుసు కనక, ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడే కూర వండేవారు.

మాస్టారు మొదలెట్టాడు. "ముక్కలకి జిగురు రాశాక, ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి."

"ఇది నాది," అని గవర్రాజు తల మీద చెయ్యేసుకున్నాడు.

"విమానం ఎంత తేలిగ్గా ఉంటే అంత బాగా ఎగురుతుంది."

"అది నాకియ్యండి బాబూ, పెద్దదాన్ని, తేలికది మొయ్యగలను," అంది అప్పయ్యమ్మ.

"ఎగరేసే ముందు ఒక పరీక్ష ఉంది. ఒకళ్ళు విమానం పట్టుకుని నిలబడాలి. తోక ఊగుతూనే ఉండాలి. రెండోవాళ్ళు ఈ పెట్టె మీద పుల్ల ఆడిస్తూ దూరంగా నడవాలి. తోక ఊగడం ఆగితే వాళ్ళూ ఆగాలి. పెట్టె మాట విమానానికి ఎంత దూరం వినిపిస్తుందో తెలుస్తుంది."

ఇది పొడుగైన మాట. ఒక తలలో పట్టదు. అందుకని మధ్యకి విరిచి ముందు సగం పోలరాజూ, వెనక సగం నూకరాజూ పుచ్చుకున్నారు. చివరి ముక్క ఎవరికీ అవసరం లేదనిపించి అక్కడే వదిలేశారు.

"ఆఁ, ఇంకోటి. తిరిగే పంకా దగ్గర వేలు పెట్టకండి," అన్నాడు మాస్టారు.

"కాలు పెట్టొచ్చాండి?" అనడిగాడు పోలరాజు.

మాస్టారు వాడి మొహం చూసి, వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వేశాడు. "ఆదివారం నేనే వస్తాను లెండి," అని పంపేశాడు.

ఇంటికి రాగానే పెద్దగదిలో పని మొదలైంది. షెడ్డులో అయితే ఎవరైనా చూసి తెలివి ఎత్తుకుపోతారని గవర్రాజు భయం. రెండు రెక్కలకీ జిగురు రాసి, ఒకదానికొకటి ఆనించి, చేతులతో అదిమి పట్టుకుని కూచున్నాడు. జిగురు ఆరింది. అయితే ఆరిందో లేదో వేలుపెట్టి చూడాలి కదా, చూడాలంటే చెయ్యి కదపాలి కదా, కదిపితే మాట తప్పినట్టు కదా. అంచేత కదపలేదు. తెల్లారేసరికి రెక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, గవర్రాజు రెండు చేతులూ రెక్కలకి అతుక్కున్నాయి.

"అన్నయ్యా, లాగెయ్యమంటావా?" అన్నాడు నూకరాజు.

"వద్దొరేయ్, ఎంత గట్టిగా అతికిందో చూశావా! నాలాంటి పనివాడు ఇంకోడుంటే తీసుకురా. మిగతాది నా చుట్టూ కట్టేయండి."

అంతే. గవర్రాజుని మధ్యలో కూచోబెట్టి విమానం కట్టేశారు. ముక్కు వాడి ఎడం భుజం వైపు, తోక కుడి భుజం వైపు, రెక్కలు వాడి ఒళ్ళోనించి ఎదుటి గోడ దాకా. వాడికి అప్పయ్యమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టింది. రెండు ముద్దలు పెట్టి, మూడో ముద్ద ఎత్తి, గాల్లోనే ఆపేసింది. ఆవిడ తలలో ఆవిడ మాట కదిలింది.

"ఒరే, తేలిగ్గా ఉండాలన్నాడు కదరా."

"అన్నాడత్తా."

"ఇందులో అన్నిటికన్నా బరువైంది ఏంటి?"

నలుగురూ విమానం వైపు చూశారు. మోటారు ఎత్తి చూస్తే బరువుగా ఉంది. బ్యాటరీ ఇంకా బరువు. ఇంకేముంది, రెండూ పీకేసి పోలరాజు తువ్వాల్లో మూటకట్టారు. విమానం కాస్త తేలికపడింది. అయినా ఎత్తబోతే లేవడం లేదు. అప్పయ్యమ్మ మళ్ళీ చూసింది. విమానానికి అతుక్కుని ఇంకా ఓ బరువుంది. అది నోరు తెరుచుకుని మూడో ముద్ద కోసం చూస్తోంది.

"గవర్రాజూ, నువ్వూ తగ్గాలిరా నాయనా," అంది ఆవిడ. ముద్ద తనే తినేసింది.

ఆ పూటా, మర్నాడూ గవర్రాజుకి మంచినీళ్ళు తప్ప మరేం పెట్టలేదు. తమ్ముళ్ళు పూటపూటా విమానం ఎత్తి చూసి "అన్నయ్య తగ్గుతున్నాడు, బాగా తగ్గుతున్నాడు" అని మెచ్చుకున్నారు. గవర్రాజుకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కానీ నోరు తెరిచి ఆకలంటే పనివాడి పరువేం గాను? అలా ఉండగా అప్పయ్యమ్మ పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. అది మరిగి, వాసన తలుపు సందులోంచి వచ్చి, తిన్నగా గవర్రాజు ముక్కుపుటాల్లోకి పోయింది. అంతే! ఒక్క కేక పెట్టి లేచాడు. చేతులు రెక్కల మీంచి ఊడొచ్చాయి. చర్మం కొంత థర్మోకోల్‌కి, థర్మోకోల్ కొంత చర్మానికి మిగిలింది. గిన్నె దగ్గరికి పోయి, తెల్లటి చేతులతోనే పులుసు జుర్రేశాడు.

"చూశారా, అన్నయ్య దిగ్గానే విమానం ఎంత తేలికైపోయిందో," అన్నాడు పోలరాజు, దాన్ని ఒంటిచేత్తో ఎత్తి. మాస్టారి మాట ఎంత నిజమో అందరికీ తెలిసొచ్చింది.

ఇక బయటికి తేవాలి. విమానం పట్టుకుని గుమ్మం దగ్గరికి వస్తే రెక్కలు రెండు పక్కలా గోడకి తగులుకున్నాయి. వెనక్కి పోయి మళ్ళీ వచ్చారు, మళ్ళీ తగులుకున్నాయి. పరిగెత్తుకొచ్చి చూశారు. గోడ సున్నం రాలింది గానీ గుమ్మం పెద్దది కాలేదు. వీధిలో పోతున్న మంగాయమ్మ ఈ తతంగం చూసి ఆగింది.

"పక్కకి తిప్పి తీసుకురండర్రా," అంది.

"బాగా చెప్పేవు వదినా, ఇల్లు తిప్పడం మా వల్ల అవుద్దా?" అంది అప్పయ్యమ్మ.

మంగాయమ్మ దణ్ణం పెట్టి పోయింది. అప్పుడు నూకరాజు బుర్రలో ఒక మెరుపు మెరిసింది. అలాంటి మెరుపు వాడికి ఎప్పుడో గానీ రాదు, వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి కూలుతుంది.

"అత్తా, మన గడప తొక్కనని కదా భవాని ఒట్టేసుకుంది?"

"అవును."

"గడపే లేకపోతే?"

అందరూ వాడిని కౌగిలించుకున్నారు. ఒక దెబ్బకి రెండు పిట్టలు! విమానం బయటికొస్తుంది, భవాని లోపలికొస్తుంది. గునపాలు తీసుకుని గడప పెళ్ళగించారు, ద్వారబంధం లాగేశారు, ఇంకా చాలక చెరో పక్కా గోడ పడగొట్టారు. విమానం దర్జాగా బయటికొచ్చింది. దాని వెనకే పైన రెండు వరసల పెంకులు కూడా వచ్చాయి.

మర్నాడు పరీక్ష. పోలరాజు విమానం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. మోటారూ బ్యాటరీ మూట వాడి నడుముకే ఉంది. నూకరాజు పెట్టె పట్టుకుని, పుల్ల ఆడిస్తూ బయల్దేరాడు. తోక ఊగలేదు. బ్యాటరీ మూటలో ఉంటే ఎలా ఊగుతుంది? కానీ పోలరాజు తలలో ఉన్నదేమిటి? "తోక ఊగుతూనే ఉండాలి." అంతే, చేత్తో పట్టుకుని ఊపడం మొదలెట్టాడు.

"ఊగుతోందా?" అని అరిచాడు నూకరాజు.

"ఊగుతోంది, ఊగుతోంది! నువ్వు పో!"

నూకరాజు పోయాడు. వీధి మలుపు తిరిగాక తోక కనపడలేదు. ఆగిపోతే ఎవరో ఒకరు చెప్పకపోతారా అని నడుస్తూనే ఉన్నాడు. చేలు దాటాడు. రేవొచ్చింది. పడవెక్కాడు. మాస్టారు నడవమన్నాడు గానీ కూచోమనలేదు కదా, ఏరు దాటినంత సేపూ పడవలో ఆ కొసనించి ఈ కొసకీ, ఈ కొసనించి ఆ కొసకీ నడిచాడు. పడవ ఊగిపోయింది. ఒకావిడ గుడ్ల బుట్ట నీళ్ళలో పడింది. పడవవాడు తెడ్డెత్తాడు. నూకరాజు తిట్లు తింటూనే పుల్ల ఆడిస్తూ అవతలి గట్టెక్కాడు.

అవతలి గట్టు మీద మొదటి ఊరు గోగులపాడు. గోగులపాడులో దారికి ఎదురుగా ఉన్న మొదటి ఇల్లు వాడి అత్తారిల్లు. నూకరాజు గుండె దబదబలాడింది. కాళ్ళు మాత్రం ఆగలేదు. వీధిగుమ్మంలోంచి లోపలికి నడిచాడు. వసారాలో మావగారు ధర్మయ్య భోజనం చేస్తున్నాడు.

"ఏం అల్లుడూ, ఇలా..." అనేలోపే అల్లుడు పప్పుగిన్నె దాటి వెళ్ళిపోయాడు.

వంటింట్లో భవాని వంకాయలు వేయిస్తోంది. చేతిలో పెట్టె, పెట్టె మీద తీగ, చెమటలు కారుతూ మొగుడు. అట్లకాడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నూకరాజు ఆవిణ్ణి కళ్ళారా చూశాడు. చిక్కింది. ఆగి పలకరిద్దామని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా ఆగితే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే విమానం పోతుంది, విమానం పోతే పెళ్ళామే పోతుంది. పెరటిగుమ్మంలోంచి బయటికి నడిచాడు. భవాని అట్లకాడతోనే వెంట పరిగెత్తింది.

"ఏవండీ! ఎక్కడికండీ?"

"తెలీదే. తోక ఆగాలి."

"ఎవరి తోకండీ?"

"మనదే. నీ కోసమే విమానం కడుతున్నాం. చిలకల్ని తరిమేస్తాం. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే."

ఇది మటుకు అక్షరాలా నిజం, ముందు గోడే లేదు కదా. భవాని వాడి పక్కన గడ్డివాము చుట్టూ నడిచింది. మూడేళ్ళుగా మొత్తుకుంటే ఇప్పటికి తన మాట వీళ్ళ చెవినెక్కింది. కోపం సగం కరిగింది. ఓ జామపండు కోసం విమానం కట్టే మొగుడు ఎవరికుంటాడు? కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. అయినా పంతం పంతమే.

"సరే, పండిన రోజున కబురు చెయ్యండి, వస్తాను. చిలక ముక్కు తగిలిందో, మళ్ళీ ఈ జన్మలో నా మొహం చూడరు!"

"తగలదు! తగలనివ్వను!" అంటూ నూకరాజు కంచె దూరి, కొబ్బరితోటల్లోకి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా పాలవాడు సైకిలు మీద రొప్పుకుంటూ వెనకొచ్చాడు. "నూకరాజూ! మీ అత్త చెప్పమంది! పోలరాజు నిలబడే నిద్రపోయాడంట! తోక ఆగిందంట!"

నూకరాజు టక్కున ఆగిపోయాడు. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బోదె కాలవలో. అక్కడే నిలబడ్డాడు. ఆగాలన్నాడు గానీ తిరిగి రమ్మని మాస్టారు చెప్పలేదు కదా. ఆఖరికి అప్పయ్యమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోవాల్సి వచ్చింది. విమానం పరీక్ష నెగ్గింది. పెట్టె మాట రెండు ఊళ్ళ అవతలకి కూడా వినిపిస్తుందని గవర్రాజు ఊరంతా చాటాడు.

ఆదివారం మాస్టారు గొడుగేసుకుని వచ్చాడు. ముందు ఇంటిని చూశాడు. తరవాత గవర్రాజు అరచేతులు చూశాడు. తరవాత విమానం ముక్కులో మోటారు లేకపోవడం చూశాడు. పోలరాజు మూట విప్పి ఇస్తే మోటారూ బ్యాటరీ తనే బిగించాడు. రెండు వేళ్ళ మీద విమానాన్ని నిలబెట్టి, ముక్కు కొంచెం ముందుకి వాలేదాకా సర్దాడు. జామతోట పక్కన చేలో అప్పుడే నీళ్ళు పెట్టి ఉన్నారు, బురద బురదగా ఉంది. దాని గట్టు మీద నిలబడి నూకరాజు చేతికి పెట్టె ఇచ్చాడు.

"చూడు బాబూ. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తవాళ్ళు అక్కడే కంగారు పడతారు. ఒకటే కిటుకు, విమానం ఎటు మొహం పెడితే నువ్వూ అటే మొహం పెట్టు. ఇది మాత్రం మరిచిపోకు."

"మా తలల్లో ఖాళీ లేదండి," అన్నాడు నూకరాజు దిగులుగా. "నాలో తోక సంగతుంది."

నిజమే, ఎవరి తలలోనూ చోటు లేదు. కానీ ఇది మరిచిపోకూడని మాట. అందుకని ఒక్కరి మీద భారం పడకుండా ఆ మాటని నలుగురూ కలిసి మోయాలని అప్పయ్యమ్మ తీర్పు చెప్పింది.

పోలరాజు గాలికి ఎదురుగా విమానాన్ని విసిరాడు. పంకా గిర్రున తిరిగింది. అంతే! లేచింది! చురుకువారి విమానం నిజంగానే లేచింది! అప్పయ్యమ్మ చప్పట్లు కొట్టింది, గవర్రాజు పుండు పడ్డ చేతులతోనే మీసం తిప్పాడు, నూకరాజు కళ్ళు చెమర్చాయి. విమానం జామతోట మీదుగా జుయ్యిమని పోయింది. చిలకలు ఒక్కసారి తలలెత్తి చూశాయి. వాటికి భయం వేయలేదు. ఇదేదో మన బంధువేననుకున్నాయి గాబోలు, ఓ పది చిలకలు దాని వెంట పడి కబుర్లు చెబుతూ ఎగిరాయి.

ఈలోపు విమానం అటు తిరిగింది. నలుగురూ అటు తిరిగారు. ఇటు తిరిగింది. ఇటు తిరిగారు. అది తోట చుట్టూ వస్తే, నలుగురూ గట్టు మీద బొంగరాల్లా తిరిగారు. మాస్టారు "నూకరాజు ఒక్కడే, నూకరాజు ఒక్కడే" అంటున్నాడు, ఎవరు వింటారు! అంతలో విమానం వాళ్ళవైపే రావడం మొదలెట్టింది.

"అయ్యో, కుడి ఎడమైపోయింది!" అని అప్పయ్యమ్మ కేకేసింది.

ఇంకేముంది! గవర్రాజు గబగబా చెప్పులు మార్చేసుకున్నాడు. కుడికాలిది ఎడమకాలికి, ఎడమకాలిది కుడికాలికి. పోలరాజు కుడివైపు నిలబడ్డవాడు ఎడమవైపుకి దూకాడు. అత్త ముక్కుపుడక తీసి ఇటువైపుది అటు పెట్టుకోబోయింది. నూకరాజు పెట్టెనే తలకిందులు చేసి పట్టుకున్నాడు. "ఇలా తెండి ఆ పెట్టె!" అని మాస్టారు ఒక్క అంగ వేసేలోపు విమానం ముక్కు కిందికి తిప్పుకుని, ఝామ్మని వచ్చి, బురదలో నిట్టనిలువునా దిగబడింది. తోక మాత్రం పైకి కనపడుతోంది.

నలుగురూ దాని వైపు చూశారు. విమానం మొహం ఎటు పెట్టింది? కిందికి పెట్టింది. మాట మాటే. ఒక్కళ్ళు కూడా వెనకాడలేదు. గట్టు దిగి, వరసగా మోకాళ్ళ మీద వంగి, నలుగురూ బురదలో మొహాలు దిగేశారు.

ఏళ్ళ తరబడి ఆ తోటలో చిలకలు డబ్బా చప్పుడు విన్నాయి, దిష్టిబొమ్మల్ని చూశాయి, ఇప్పుడు విమానాన్నీ చూశాయి. తలకాయలు లేని నాలుగు జతల పిర్రలు చేలోంచి మొలవడం మాత్రం చూడలేదు. ఒక్క పెద్ద కేక! దండంతా లేచింది. ఆకాశం ఆకుపచ్చగా అయిపోయింది. గోదారి దాటి, గోగులపాడు దాటి, ఎటు పోయాయో పోయాయి. మాస్టారు గొడుగు మడిచి, పడవ వేళ కాకపోయినా రేవు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"విమానమంటే ఇదిరా," అంది అప్పయ్యమ్మ, మొహం కడుక్కుంటూ.

ఆ రోజు నుంచీ విమానాన్ని బురదలోంచి తీయలేదు. పూటకొకరు చొప్పున దాని పక్కన మొహం దించి కూచున్నారు. పొద్దునపూట పోలరాజు, మధ్యాహ్నం గవర్రాజు, సాయంత్రం అత్త. మిగతా వేళలన్నీ నూకరాజువే. ఊపిరాడక, చెవుల్లో బురద దిగి, జలుబు చేసి నానా అవస్థా పడ్డాడు. భవాని మొహం తలుచుకుంటే చాలు, మళ్ళీ వంగేవాడు. ఒక్క చిలక రాలేదు. కొమ్మ చివరన ఒక కాయ లేతపసుపు తిరిగి, నిండుగా పండి, తోటంతా ఘుమఘుమలాడించింది. చుట్టూ ఒక్క గాటు లేదు.

కబురు వెళ్ళిన పూటే భవాని వచ్చేసింది. వాకిట్లో నిలబడి, గుమ్మం ఉండాల్సిన చోట కన్నం కేసి చూసింది.

"గడపేదండీ?"

"నీ కోసమే తీసేశాం," అన్నాడు నూకరాజు మురిసిపోతూ. "ఇంక నీ ఒట్టు ఎలా అడ్డమొస్తుందో చూద్దాం."

భవానికి నవ్వొచ్చింది. మూడేళ్ళలో ఆ ఇంటి వాకిట్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. నూకరాజు ఒళ్ళు పులకరించింది. తోటలోకి పరిగెత్తి, తొడిమతో సహా పండు కోసి, రెండు చేతుల మధ్యా పెట్టుకుని తెచ్చాడు. భవాని చెయ్యి చాపింది.

"చిలక ముట్టలేదుగా?"

నూకరాజు చెయ్యి ఆగిపోయింది. పండుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైన ముట్టలేదే. లోపల సంగతి?"

నిజమే! లోపల చూడందే ఎలా చెబుతాడు? అబద్ధం చెప్పి పెళ్ళాన్ని మోసం చేస్తాడా? కొరికి చూశాడు. ఆ పక్క ఎక్కడా చిలక గాటు లేదు. అయితే వాడు చూసింది ఒక్క పక్కే. ఒక తలకి ఒకటే కదా ఆ ఇంట్లో పద్ధతి. రెండో పక్క గవర్రాజు కొరికాడు, మూడో పక్క పోలరాజు కొరికాడు. మిగిలింది అప్పయ్యమ్మ నాలుగు పళ్ళతో నింపాదిగా, గింజ గింజా వెతికి మరీ చూసింది.

"లేదమ్మా, ఏ చిలకా ముట్టలేదు," అంది మూతి తుడుచుకుంటూ.

నూకరాజు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మిగిలిన తొడిమని పెళ్ళాం అరచేతిలో భద్రంగా పెట్టి, వేళ్ళు మూశాడు.

"బెంగ పెట్టుకోకుండా తిను భవానీ. నలుగురం కొరికి మరీ చూశాం!"